కనుమ మీద దగ్గు, ఆవరణలో ఆరోగ్యం

మనిషికి జబ్బు ఎక్కడైనా చేయవచ్చు. పొలంలో చేయవచ్చు, పెళ్ళి విందులో చేయవచ్చు, ఆస్పత్రి మూసి ఉన్న ఆదివారం కూడా చేయవచ్చు. ప్రభుత్వ మోటారుసైకిలుకు జబ్బు చేయాలంటే మాత్రం జిల్లా కార్యాలయం ఆవరణలోనే, పనివేళల్లోనే, ముగ్గురు సభ్యుల సమక్షంలోనే చేయాలి. ఇంకెక్కడ చేసినా అది జబ్బు కాదు, పుకారు. ఈ సత్యాన్ని నేను కనిపెట్టలేదు. 'ఇంజన్ల అసమ ప్రవర్తనపై నలభై మూడో ఉత్తర్వు', ఏడో నిబంధన. మా చోలోక్-సాయ్ జిల్లాలో దాన్ని అద్దం బిగించి గోడకు తగిలించారు. ఆ గోడమీదే అంతకుముందు వర్షాకాలపు చెమ్మ మరక ఒకటి ఉండేది, అది ఇప్పుడు కనబడటం లేదు.

నా పేరు బురుల్. ఫెల్షర్‌ని. అంటే డాక్టరు కంటే కాస్త తక్కువ, డాక్టరు ఊళ్ళో లేనప్పుడు (అంటే ఎప్పుడూ) డాక్టరుతో సమానం. ఇరవై ఆరేళ్ళుగా పురుళ్ళు పోస్తున్నాను, పళ్ళు పీకుతున్నాను, విరిగిన చేతులు కడుతున్నాను, బతిమాలితే గొర్రెలకు కూడా సూది వేస్తున్నాను. చలికాలమంతా నా రోగులు ఊళ్ళోనే ఉంటారు. మే నెలాఖరు వచ్చిందంటే సగం ఊరు గొర్రెల్నీ గుర్రాల్నీ తోలుకుని, గుడారాలు కట్టుకుని, కుష్-ఉచ్‌పస్ కనుమ దాటి వేసవి మేతకు వెళ్ళిపోతుంది. ఆ పేరుకు పిట్ట ఎగరని కనుమ అని అర్థం. గాలి పల్చనగా ఉంటుందని పిట్టలకు కూడా తెలుసు.

కనుమ దారిలో వాగు మీద దుంగల వంతెన ఉంది. దాని మీద ఆంబులెన్సు పట్టదు. గుర్రం పడుతుంది, సైడ్‌కారు (పక్కన బిగించిన తొట్టి) ఉన్న మోటారుసైకిలు ఒక చక్రం అంచున పెట్టుకుని పడుతుంది. అందుకే ప్రభుత్వం దయతలచి నాకలాంటి బండి ఒకటి ఇచ్చింది. మూడేళ్ళు అది నన్ను ఒక్క మాట అనలేదు. పైకి వెళ్ళేటప్పుడు డిర్క్‌సెన్ మెకానిక్ ఏదో తిప్పి ఇచ్చేవాడు, దిగొచ్చాక మళ్ళీ తిప్పేవాడు. నేను అడిగేదాన్ని కాదు, అతను చెప్పేవాడు కాదు.

తర్వాత ఒక ఏడు, మేత ముగిసి జనం కిందికి దిగొచ్చాక, ఇంధన పొదుపు ఉద్యమం వచ్చింది. జనం కార్బురేటర్లు (ఇంజనుకు పెట్రోలూ గాలీ కలిపిచ్చేవి) తిప్పుకుని బళ్ళకు పెట్రోలు ఎక్కువ తాగిస్తున్నారని పైవాళ్ళకు అనుమానం పుట్టింది. వెంటనే జిల్లాలో ఉన్న ప్రతి కార్బురేటర్‌కూ సన్న తీగ చుట్టి సీసపు బిళ్ళతో సీలు వేశారు. మూత విప్పకూడదు, మర తిప్పకూడదు, గాలి గొట్టం ఊడదీయకూడదు. ఈ పని కోసమే ఒక అధికారి కూడా వచ్చాడు, కామ్రేడ్ ఒమురాకునోవ్, సీళ్ళ ఇన్‌స్పెక్టరు. మంచివాడు. వెక్కిరింపుగా అనడం లేదు, నిజంగానే మంచివాడు. కనబడితే టీ తాగి వెళ్ళమంటాడు, ముసలివాళ్ళకు కుర్చీ వేస్తాడు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి మనశ్శాంతిగా ఉండేదాన్ని.

సీలు తెంపిన బండిని శాశ్వతంగా ఆవరణలో నిలబెట్టేస్తారు. ఆ చలికాలమే పోస్ట్‌మాన్ తెంపాడు. అతని బండి ఆవరణ మూల కోళ్ళకు నీడనిస్తోంది. అతని పల్లెలకు కొత్త సంవత్సరం శుభాకాంక్షలు ఏప్రిల్‌లో అందుతున్నాయి.

ఆ తర్వాతి వేసవి మేతకు వెళ్ళినవాళ్ళలో తోక్తోకాన్ ఉంది. కాపరి జపర్ భార్య. ఎనిమిదో నెల. వద్దమ్మా, ఈ ఒక్క వేసవి ఊళ్ళో ఉండిపో అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"నేనిక్కడుంటే పాలకు ఆడగుర్రాల్ని ఎవరు పితుకుతారక్కా? మా అత్తా? ఆవిడ మోకాళ్ళ సంగతి నీకు తెలియదా?" అంది.

"గుర్రాల సంగతి నాకెందుకే! కిందటి కాన్పులో ఎంత రక్తం పోయిందో నీకేం తెలుసు, నువ్వు స్పృహలో లేవు. చూసినదాన్ని నేను."

"అందుకే నాకు భయం లేదు, నీకుంది," అని నవ్వింది.

ఆ నవ్వుకు నాకు ఒళ్ళు మండింది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. జూన్ ఇరవై లోపు నేను వెళ్ళి, సైడ్‌కారులో పరుపు వేసి కూర్చోబెట్టి, ఆస్పత్రికి దించాలి. ఎనిమిది గంటలు గుర్రం మీద తీసుకురావడం ఆ స్థితిలో కుదరదు. పక్కన రక్తం సీసా లేకుండా ఆమె కనడానికి వీల్లేదు. వాళ్ళు బయల్దేరే రోజున అత్తగారు ఉమ్సునాయ్ పెద్దమ్మ రొట్టె తుంచి నా నోటి దగ్గర పెట్టింది.

"కొరుకు. కొరికి మాటివ్వు. రాకపోయావో, ఈ రొట్టే నీ గొంతులో అడ్డం పడుతుంది," అంది.

కొరికాను. మా దగ్గర రొట్టె కొరికి ఇచ్చిన మాట సంతకం పెట్టిన కాగితం లాంటిది కాదు, తప్పడానికి కుదరదు.

జూన్ ఒకటిన దారి ఎలా ఉందో చూసొద్దామని బయల్దేరాను. వంతెన దాకా బండి హాయిగా నడిచింది. తర్వాత మొదటి మలుపులో మిస్సింగ్ మొదలైంది. రెండో మలుపులో దగ్గు. మూడో మలుపుకు సైలెన్సర్‌లోంచి నల్లటి పొగ, ముక్కు పగిలేలా పెట్రోలు వాసన. ఎక్సలేటర్ తిప్పేకొద్దీ నీరసపడిపోతోంది, వదిలితే కాస్త తేరుకుంటోంది. ఆపి స్పార్క్ ప్లగ్ విప్పాను. నాలుక చూడకుండా రోగం చెప్పడం నాకు అలవాటు లేదు. ఆరోగ్యంగా ఉన్న ప్లగ్ చిక్కటి టీ రంగులో ఉండాలి. ఇది కుండ అడుగులా నల్లగా ఉంది, పైగా తడి. తుడిచి బిగిస్తే నాలుగడుగులు నడిచి మళ్ళీ అదే పాట. వెనక్కి తిప్పాను. చిత్రమేమిటంటే దిగేకొద్దీ దానంతటదే నయమైపోయింది. ఊళ్ళోకి వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు ఉంది.

మెకానిక్ డిర్క్‌సెన్ జర్మను. అతని తండ్రిని ఎప్పుడో రైలెక్కించి తెచ్చి మా స్టెప్పీ మైదానంలో దింపారు (ఎందుకని అడిగే అలవాటు మాకు లేదు). మాటలు చాలా పొదుపు. ఇంధన పొదుపు ఉద్యమానికి అతన్ని నాయకుణ్ణి చేసి ఉండాల్సింది.

"పైన గాలి తక్కువ. పెట్రోలు మాత్రం కింద పోసినంతే పోస్తోంది," అన్నాడు ప్లగ్ చూసి. "మూత విప్పితే లోపల సూది ఉంటుంది. దాని క్లిప్పు ఒక గాడి పైకి జరిపితే సూది కిందికి దిగుతుంది. పెట్రోలు తగ్గుతుంది. ఐదు నిమిషాల పని."

"చెయ్యి మరి."

"సీలు."

"తెంపు!"

అతను ఆవరణ మూల కోళ్ళ వైపు చూశాడు. నేనూ చూశాను. 

సీలు విప్పడానికి అనుమతి కోరుతూ దరఖాస్తు పెట్టాను. దరఖాస్తులో ఇంజను చేసే శబ్దాలు పదకొండు రకాలుగా అచ్చు వేసి ఉన్నాయి: దగ్గు, తుమ్ము, వెక్కిళ్ళు, గురక, నిట్టూర్పు వగైరా. నేను దగ్గు దగ్గరా వెక్కిళ్ళ దగ్గరా గీత పెట్టాను. మర్నాడు తిరిగొచ్చింది. ఒక ఇంజను ఒకసారి ఒకే శబ్దం చేయాలట. వెక్కిళ్ళు కొట్టేసి ఇచ్చాను.

జూన్ మూడున కమిటీ కూర్చుంది. అధ్యక్షుడు ఒమురాకునోవ్. రెండో సభ్యురాలు గుమస్తా సాదిర్‌బాయేవా. చెవులు చురుకైనవని ఆవిణ్ణి 'శ్రవణ సభ్యురాలి'గా వేశారు. మూడోవాడు డిర్క్‌సెన్, సాంకేతిక సభ్యుడు. సాంకేతిక సభ్యుడు అడిగితేనే మాట్లాడాలి. లోపం కనబడితేనే అతన్ని అడగాలి.

"స్టార్ట్ చెయ్యండి బురుల్ అక్కా," అన్నాడు ఒమురాకునోవ్.

ఒక్క కిక్కుకే అందుకుంది. అంత అందంగా అది జన్మలో నడవలేదు. గడ్డి తిన్న గుర్రంలా నింపాదిగా నిలబడింది. సాదిర్‌బాయేవా కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకు వంచి, నిమిషం పాటు వింది.

"బాగుంది," అంది కళ్ళు తెరిచి. "మా ఇంట్లో కుట్టుమిషను కంటే బాగుంది."

"దగ్గేదక్కా?" అన్నాడు ఒమురాకునోవ్.

"ఇక్కడ దగ్గదు. కనుమ మీద దగ్గుతుంది."

"ఇక్కడ దగ్గనిది అక్కడెందుకు దగ్గుతుంది? బండి ఒకటేగా?"

"బండి ఒకటే తమ్ముడూ, గాలి ఒకటి కాదు."

"గాలి మా శాఖ కాదక్కా," అన్నాడు నొచ్చుకుంటూ.

"పోనీ మీరే కనుమ దాకా రండి. పూట పని. మీ కళ్ళతోనే చూద్దురుగాని."

ఆయన ఏడో నిబంధన వైపు చేయి చూపించాడు. కమిటీ కూర్చోవాలంటే బల్ల ఉండాలి. బల్ల మీద ఎర్రగుడ్డ ఉండాలి. గుడ్డ మీద ముద్ర ఉండాలి. ముద్ర ఆవరణ దాటకూడదు. కాబట్టి లోపాన్నే కమిటీ ముందు హాజరుపరచాలి. అది దరఖాస్తుదారు బాధ్యత.

"అంటే కనుమను మోసుకు రమ్మంటావా?"

ఆయన నిజంగానే విడిభాగాల జాబితా తీసి, వేలు పెట్టి పైనుంచి కిందికి వెతికాడు. "కనుమ ఇందులో లేదక్కా," అన్నాడు. "ఉంటే ఈపాటికి తెప్పించేవాణ్ణి."

"నీ ముగ్గురు పిల్లల్నీ ఈ చేతులతోనే తీశాను. వాళ్ళెవరూ ఎక్కడ పుట్టాలో కమిటీని అడగలేదు, తెలుసా?"

ఆయన ముఖం ఎర్రబడింది. టీ తెప్పించాడు. నా మీద గౌరవం కొద్దీ 'లోపం లేదు' అని రాయకుండా 'ఇరవై ఒక్క రోజుల పరిశీలన' అని రాశాడు. అంటే బండి ఇరవై ఒక్క రోజులు ఆవరణలోనే ఉండాలి. రోజూ ఉదయం పది గంటలకు సాదిర్‌బాయేవా ఒక నిమిషం విని సంతకం చేయాలి.

"ఇరవై ఒక్క రోజులా! నా రోగులు ఏ గంగలో దూకాలి?"

"అయ్యో, మీరు నడుపుకోండి అక్కా, నేనెక్కడ ఆపాను?" అన్నాడు ఒమురాకునోవ్ గొంతు తగ్గించి. "కాగితం మీద అది ఇక్కడే ఉంటుంది. ఒక్క రోజు బయటికి వెళ్ళినట్టు రాసినా లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టాలి. ఇరవై ఒక్కటీ పూర్తయితే ప్రాంతీయ కార్యాలయానికి రాద్దాం, వాళ్ళు తప్పకుండా ఆలోచిస్తారు."

మంచివాడని ముందే చెప్పాను కదా.

అలా నా బండి ఒకే సమయంలో రెండు చోట్ల ఉండసాగింది. నేను దాని మీద ఊళ్ళు తిరుగుతున్నాను, అది ఆవరణలో పరిశీలనలో ఉంది. ఒకరోజు పది గంటలకు ఏదో పని మీద అటు నడిచి వెళ్ళాను. బండి సంతబజారులో చెట్టు కింద ఉంది. సాదిర్‌బాయేవా మాత్రం ఆవరణ మధ్యలో, బండి ఉండాల్సిన చోట నిలబడి, కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకు వంచి వింటోంది. నిమిషం అయ్యాక పుస్తకంలో 'సమంగా ఉంది' అని రాసి సంతకం చేసింది.

"ఏం వినబడింది సాదిర్‌బాయేవా?" అన్నాను.

"నాకేం తెలుసక్కా," అంది నిట్టూర్చి. "కోళ్ళు ఒకటే గోల."

తొమ్మిదో రోజుకు నాకు ఓపిక అయిపోయింది. లోపాన్ని హాజరుపరచడం నా బాధ్యత అన్నారు గదా, హాజరుపరుద్దాం అనుకున్నాను. ఇంట్లో పాత కంబళి ఉంది, గొర్రె ఉన్నిది, మందమైనది. దాని అంచు అరచేయంత కత్తిరించి, గాలి గొట్టం మూతిలో తీగకు తగలకుండా కుక్కాను. గాలి తగ్గింది, పెట్రోలు అంతే ఉంది. అంటే ఆవరణలోకి కనుమ వచ్చేసింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

కమిటీ ముందు కిక్ కొట్టాను. ఓహ్, ఏం దగ్గు అది! క్షయరోగి కూడా అంత చక్కగా దగ్గడు. నల్లపొగ బల్ల మీదికి వచ్చి ఎర్రగుడ్డ మీద కూర్చుంది. మూల ఉన్న కోళ్ళు గోడెక్కాయి. ఒమురాకునోవ్ కుర్చీలోంచి లేచాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి (పొగవల్ల కావచ్చు). నెలల తరబడి కమిటీ కూర్చుంటోంది గాని, ఒక లోపం తనంతట తాను హాజరు కావడం అదే మొదటిసారి.

"దగ్గే!" అంది సాదిర్‌బాయేవా. "స్పష్టంగా దగ్గే!"

"సాంకేతిక సభ్యుణ్ణి అడుగుతున్నాను," అన్నాడు ఒమురాకునోవ్, ఆ మాట అనే అవకాశం వచ్చినందుకు గొంతు సవరించుకుని.

డిర్క్‌సెన్ కార్బురేటర్ ముందు కూర్చున్నాడు. గాలి గొట్టంలో వేలు పెట్టబోయి నా ముఖంలోకి చూశాడు. వద్దు, చూడకు, మూత విప్పాలని చెప్పు అని నేను కళ్ళతోనే బతిమాలాను. చెప్పేవాడే. కాని కంబళి ముక్క అంచు బయటికి కనబడుతోంది. దాని మీద ఎర్రటి పొట్టేలు కొమ్ముల ముగ్గు. నేను ఆ కొసను లోపలికి తోయడం మరచిపోయాను. ఒమురాకునోవ్ వంగి రెండు వేళ్ళతో దాన్ని లాగాడు.

ఇంజను వెంటనే కుట్టుమిషను అయిపోయింది.

'అన్య పదార్థం: కంబళి, ఒకటి. తొలగించబడినది. లోపం నయమైనది. సీలు భద్రం.' ఇదీ ఆ రోజు రాసిన పత్రం. కంబళి ముక్కను దానికి గుండుసూదితో గుచ్చారు. ఒమురాకునోవ్ నా రెండు చేతులూ పట్టుకుని అభినందించాడు. "చూశారా అక్కా! ఆవరణకు తెస్తే దొరకని లోపం ఉంటుందా?" అన్నాడు. మిగతా పన్నెండు రోజుల పరిశీలన మాత్రం ఆగకూడదన్నాడు, ఎందుకంటే మొదలుపెట్టిన దాన్ని పూర్తి చేయాలి.

ఇంటికొచ్చి కత్తిరించిన కంబళిని చూసి ఏడ్చాను. కంబళి కోసం కాదు.

పధ్నాలుగో రోజు, జూన్ పదహారు తెల్లవారుజామున, జపర్ గుర్రం మీద వచ్చి ఆస్పత్రి వాకిట్లో కూలబడ్డాడు. గుర్రం నోటి నిండా నురగ.

"అక్కా, నొప్పులు మొదలయ్యాయి. ఉమ్మనీరు పోయింది. అమ్మ నిన్ను తీసుకురమ్మంది."

"ఇంకా మూడు వారాలు ఉంది కదరా!"

"నన్ను తిడతావేంటక్కా? నేనా కనేది?"

సంచీ సైడ్‌కారులో పడేసి బయల్దేరాను. వంతెన దాటాక బండి ఎప్పటి పాట ఎత్తుకుంది. సగం దూరం నేను తోశాను, కనుమ దగ్గర పడ్డాక జపర్ తాడు కట్టి గుర్రంతో లాగించాడు. ప్రభుత్వ మోటారుసైకిలు, ప్రభుత్వ పెట్రోలు, నడిపిస్తున్నది కాపరి గుర్రం. పెట్రోలు ఎంత పొదుపయిందో ఎవరైనా లెక్క కట్టాల్సింది. అవతలి వాలు మీద జారుకుంటూ గుడారం దగ్గరికి చేరాం. తోక్తోకాన్ ముఖం పాలిపోయి ఉంది గాని, నన్ను చూసి ఆ పాత నవ్వే నవ్వింది.

"రొట్టె గొంతులో అడ్డం పడిందా అక్కా?"

"నోర్మూసుకుని ఎక్కు," అన్నాను.

ఆమెను సైడ్‌కారులో పరుపు మీద పడుకోబెట్టి, ఉమ్సునాయ్ పెద్దమ్మను నా వెనక ఎక్కించుకుని వెనక్కి తిప్పాను. జపర్ గుర్రం ఇక కదలనని కాళ్ళు ముడుచుకుంది. ఇంకో గుర్రం తెస్తానని అతను పక్క మేతకు పరుగెత్తాడు. ముగ్గురి బరువుతో బండి ఏడు మలుపులు ఎక్కింది. ఎనిమిదో మలుపులో ఒక్క పెద్ద దగ్గు దగ్గి చచ్చింది. పై అంచుకు ఇంకా మూడు మలుపులు. అక్కడికి చేరితే అవతల వాలే, ఇంజను లేకుండా కూడా జారిపోవచ్చు. కిక్ కొట్టాను, ప్లగ్ తుడిచాను, మళ్ళీ కొట్టాను. కాలు వాచింది.

పెద్దమ్మ సంచీలోంచి ఎండు జూనిపర్ రెమ్మ తీసి అంటించి, బండి చుట్టూ దిష్టి తీయడం మొదలుపెట్టింది.

"దానికి పొగ ఇప్పటికే ఎక్కువైంది పెద్దమ్మా!"

"నీ మందు నువ్వు చూసుకో, నా మందు నేను చూసుకుంటాను," అంది ఆవిడ ఆగకుండా.

ఈలోగా తోక్తోకాన్ సైడ్‌కారు అంచు పట్టుకుని కేక పెట్టింది. ఇక మలుపుల సంగతి తర్వాత. సాయంత్రపు ఎండలో, మంచుగాలిలో, పిట్ట ఎగరని ఆ చోట పిల్లవాడు పుట్టాడు. బొడ్డుతాడును పట్టకారుతో బిగించి కోశాను. ఏడ్చాడు. పల్చటి గాలి అతనికి ఏమీ అడ్డం రాలేదు. పెద్దమ్మ వాణ్ణి తన కోటు లోపల, చొక్కాకు ఆనించి పెట్టుకుంది.

రక్తం ఆగలేదు. సూది వేశాను, పొట్ట గట్టిగా రుద్దాను. కాస్త తగ్గింది, ఆగలేదు. కిందటిసారి చూసిందే మళ్ళీ చూస్తున్నాను. తోక్తోకాన్ నవ్వడం మానేసింది.

ఉన్నమాట చెబుతాను. అప్పటిదాకా నేను ఆ సీసపు బిళ్ళకు భయపడ్డాను. ఈ బండి కూడా కోళ్ళ పాలైతే రేపు ఇంకో ఇల్లాలి దగ్గరికి ఎవరు వెళతారని నాకు నేను చెప్పుకున్నాను. అదీ నిజమే, కాని దానికింద ఉన్నది ఉత్త భయం. పదిహేను రోజుల కింద తెంపి ఉంటే ఈ అమ్మాయి ఈపాటికి ఆస్పత్రి మంచం మీద ఉండేది. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

బొడ్డు కోసిన కత్తెరతోనే తీగ కత్తిరించాను. మూత విప్పాను. సూది పైకి వచ్చింది, దాని నెత్తిన గోరంత క్లిప్పు. నా వేళ్ళ నిండా రక్తం, జారుతోంది. అది రాళ్ళలో పడితే అంతే సంగతులు.  పెద్దమ్మ తల మీది తెల్లగుడ్డ విప్పి బండి కింద పరిచింది. డెబ్భై ఏళ్ళ ఆ మనిషిని తలగుడ్డ లేకుండా నేను ఎన్నడూ చూడలేదు. పిల్లవాడి బొడ్డు బిగించిన పట్టకారుకు జోడు ఇంకొకటి ఉంది. దాంతో క్లిప్పు పట్టుకుని ఒక గాడి పైకి జరిపాను. మూత బిగించాను. ప్లగ్ తుడిచి పెట్టాను.

రెండో కిక్కుకు అందుకుంది. దగ్గు లేదు, పొగ లేదు. మూడు మలుపులూ ఎక్కి, అవతలి వాలు దిగి, వంతెన దాటి ఎక్కడా ఆగలేదు. పట్టిన సమయం చూసుకోలేదు. ఆస్పత్రిలో రక్తం ఎక్కించారు. ఆ రాత్రికి తోక్తోకాన్ పెదాలకు రంగు వచ్చింది. "గుర్రాల్ని పితికారా?" అని అడిగింది, అప్పుడు నాకు నమ్మకం కుదిరింది.

మర్నాడు తెగిన తీగ తీసుకుని నేనే ఒమురాకునోవ్ దగ్గరికి వెళ్ళాను.

"కనుమ మీద తెంపాను. నిన్న. రాసుకో," అన్నాను.

ఆయన పుస్తకం తెరిచాడు. పదహారో తేదీ దగ్గర వేలు పెట్టాడు. ముఖం పాలిపోయింది.

"నిన్న బండి ఇక్కడ ఉందక్కా."

"ఇక్కడ లేదు. ఎనిమిదో మలుపులో ఉంది."

"ఇక్కడ ఉంది. సాదిర్‌బాయేవా వింది, సంతకం చేసింది. అంటే సీలు తెగితే ఆవరణలో తెగి ఉండాలి, కమిటీ కళ్ళ ముందు." పుస్తకం మూశాడు. "సీలు తెగలేదక్కా."

"తీగ నా చేతిలో ఉంది!"

"అది తీగ," అన్నాడు మృదువుగా. "సీలు కాదు."

డిర్క్‌సెన్‌ను పిలిచి పాత తేదీతో కొత్త సీలు వేయించాడు. డిర్క్‌సెన్ నా వైపు చూడకుండానే తీగను ఈసారి కాస్త వదులుగా చుట్టాడు. మూత తిప్పితే తీగ తెగకుండానే వచ్చేంత వదులు. ఆ తర్వాత ముగ్గురి ముందూ బండి స్టార్ట్ చేశాను. సూది కనుమ గాడిలోనే ఉంది గనక, కింద గాలికి పెట్రోలు చాలక ఇంజను టప్ టప్‌మని తుమ్మింది. ఇన్నాళ్ళకు ఆవరణలోనే, పనివేళల్లోనే, ముగ్గురి సమక్షంలోనే సిసలైన లోపం హాజరైంది.

"వినబడిందా?" అన్నాను.

సాదిర్‌బాయేవా ఆకాశం వైపు చూసింది. ఒమురాకునోవ్ టీ చల్లారిపోతోందన్నాడు.

మధ్యాహ్నం తర్వాత సాదిర్‌బాయేవానే జనన మరణాల నమోదు కూడా చూస్తుంది. జపర్ కొడుక్కి జోల్దోష్ అని పేరు పెట్టుకుని, టోపీ చేతబట్టుకుని వచ్చాడు. నేను సాక్షిని.

"పుట్టిన చోటు?"

"కుష్-ఉచ్‌పస్ కనుమ," అన్నాడు జపర్.

"నేల మీదా? బండిలోనా?"

"సైడ్‌కారులో."

"ఏ బండి?" అని అడిగి, చెప్పగానే పుస్తకం తీసింది. "ఈ బండి పదహారున ఆవరణలో ఉంది. పది గంటలకు నేనే విన్నాను."

"మరి మా ఆవిడ?"

"బండిలో ఉందన్నావుగా?"

"ఉంది."

"బండి ఇక్కడుంది. ఆవిడ ఎక్కడుంటుంది మరి?"

జపర్ నా వైపు చూశాడు. మూడు వందల గొర్రెల్లో ఒకటి తప్పిపోతే మిగతావాటి ముఖాలు చూసి అదేదో చెప్పగల మనిషి, తన కొడుకు ఎక్కడ పుట్టాడో తెలియక నిలబడిపోయాడు. "రాయించుకోరా," అన్నాను. "లేకపోతే బాబు పుట్టలేదంటారు."

ఆ ఏడాది జిల్లా నివేదికలో, కనుమ అవతల జరిగిన కాన్పులు సున్నా అని వచ్చింది. ప్రభుత్వ ఆవరణలో, ముగ్గురు సభ్యుల కమిటీ పర్యవేక్షణలో జరిగిన కాన్పు ఒకటి. తల్లీ బిడ్డల సేవకు గాను ఒమురాకునోవ్‌కు ప్రశంసాపత్రం ఇచ్చారు. ఆయన సిగ్గుపడుతూ తీసుకున్నాడు. దాన్ని ఏడో నిబంధన పక్కనే తగిలించారు.

ప్రాంతీయ కార్యాలయానికి రాద్దామన్న ఉత్తరం రాయలేదు, లోపం నయమైపోయింది గనక. మొన్న వేరే పని మీద వెళ్ళి, సాదిర్‌బాయేవా సొరుగులో రెండు కాగితాలు చూశాను. పైది జోల్దోష్ జనన పత్రం నకలు: పుట్టిన చోటు, చోలోక్-సాయ్ జిల్లా కార్యాలయ ఆవరణ, జూన్ పదహారు. దానికింద పరిశీలన ముగింపు పత్రం, కంబళి ముక్క ఇప్పుడు దీనికి గుచ్చి ఉంది: జూన్ మూడు నుంచి ఇరవై మూడు వరకు ఆవరణలో గమనించదగినదేదీ జరగలేదు. రెంటి మీదా ముద్ర ఒకటే.